ఆర్టీసీ బస్సు వెనక టర్బో కారు

హాలు ముందు నేను కారు దిగానంటే చాలు... స్టాండు కుర్రాడి దగ్గర్నుంచి బుకింగ్ క్లర్కు దాకా అడిగే ప్రశ్న ఒక్కటే. "ఏం సార్, గీ వయసుల గీ బండేంది?"

వాళ్ళ తప్పేం లేదు. నాకు అరవై నిండాయి. జుట్టు మూడొంతులు పోయింది, మిగిలిన వొంతూ తెల్లబడింది. ఎడం మోకాలు నొప్పి. అలాంటి మనిషి ఎర్రటి పొట్టి కారులోంచి, అదీ కాలేజీ కుర్రాళ్ళు మోజుపడే టర్బో కారులోంచి, తలుపు పట్టుకుని మూలుగుతూ దిగుతుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఆవిడకైతే మూడేళ్ళుగా వస్తూనే ఉంది... మధ్యలో నాలుగు నెలలు తప్ప. ఆ నాలుగు నెలల సంగతి చెబుదామనే ఇది మొదలుపెట్టాను. కాని దానికంటే ముందు, నాకీ వేగం పిచ్చి ఎక్కడ పట్టిందో చెప్పాలి.

నేను ఫిల్మ్ రెప్రజెంటేటివ్‌ని. అంటే పంపిణీదారుల తరఫున హాలు దగ్గర కూర్చుని, ఎన్ని టికెట్లు తెగాయో చూసి, రోజువారీ కలెక్షన్ రిపోర్టు మీద సంతకం పెట్టించుకుని పంపేవాణ్ణి. తెరమీద పేర్లలో మేం ఉండం. 1987లో ఈ ఉద్యోగంలో చేరాను. నైజాం ఏరియాలో నా వాటాకి వచ్చినవి పాలమూరు, నల్లగొండ. అప్పుడవి రెండు జిల్లాలు. 2016లో ఒకసారి, 2019లో మరోసారి విడగొట్టాక ఇప్పుడు ఎనిమిదయ్యాయి. జిల్లాలు పెరిగాయి గాని నేను తిరిగే రోడ్లు అవే!

ఆ రోజుల్లో ప్రింట్లు తక్కువ. ఒకే ప్రింటు రెండు ఊళ్ళలో ఆడించేవాళ్ళం. జడ్చర్లలో ఆట పావుగంట ముందు మొదలవుతుంది. అక్కడ తిప్పడం అయిపోయిన రీళ్ళు డబ్బాలో పెట్టి, నేను రాజ్‌దూత్ మీద మహబూబ్‌నగర్ పట్టుకెళ్ళాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ రీళ్ళు. పదిహేను కిలోమీటర్ల దూరం. ఆలస్యమైతే? ఒకసారి రైల్వే గేటు పడింది. గూడ్సు బండి... పెట్టెలు లెక్కపెడుతూ నిలబడ్డాను, నలభై దాటాక లెక్క తప్పింది. హాలుకు వెళ్ళేసరికి తెర తెల్లగా ఉంది. నేల క్లాసు వాళ్ళు ఈలలు దాటి, కేకలు దాటి, కుర్చీల దాకా వచ్చారు. మేనేజరుగారు నన్ను చూసి తిట్టలేదు, ఏడ్చారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి అది చాలదూ! ఆనాటి నుంచి ముందు ఏ బండి ఉన్నా దాన్ని దాటాలన్న తహతహ నాకు ఒంట్లో నిలిచిపోయింది. రీళ్ళు పోయాయి, పెట్టెలు పోయాయి, సినిమా ఇప్పుడు గాల్లోంచి వచ్చి కంప్యూటర్‌లో దిగుతోంది. కాని తహతహ పోలేదు.

రాజ్‌దూత్ తర్వాత మారుతి ఎనిమిదివందలు. ఆ తర్వాత 2009లో డీజిల్ స్విఫ్ట్. అన్నట్టు, ఆ డీజిల్ బళ్ళలో కూడా టర్బో ఉంటుంది. లారీల ముందు, వెనక "టర్బో" అని రాసి ఉంటే అదేదో దేవుడి పేరులా చదువుకుంటూ వెళ్ళాం గాని, మనమూ దాన్నే తోలుతున్నామని చాలామందికి తెలీదు. ఆ స్విఫ్ట్ మూడు లక్షల కిలోమీటర్లు తిరిగి అలిసిపోయింది.

2022లో పోలో తయారీ మనదేశంలో ఆగిపోయింది. పుణె దగ్గర చాకన్‌లో తయారయ్యేవి. ఆగిపోతుందని తెలియగానే ఆ కారంటే మోజు పెరిగిన వెర్రివాళ్ళలో నేనొకణ్ణి. సినిమా ఎత్తేస్తున్నారంటే ఆఖరి ఆటకి జనం వచ్చినట్టు! హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి అమెరికా వెళ్తూ అమ్మాడు. 2020 మోడల్, ఒక లీటరు టర్బో పెట్రోలు, ఆరు గేర్లు. ఏడు లక్షల చిల్లర. "బిడ్డ పెండ్లికి దాస్తున్న పైసలు గదా" అంది మా ఆవిడ. "తీరుస్తాను" అన్నాను. ఇంకా తీరుస్తున్నాను.

ఒక లీటరు ఇంజను, మూడే సిలిండర్లు. కాగితం మీద మాత్రం నూటపది గుర్రాలు. మా నల్లగొండ గడ్డ మీద, కోదాడ దగ్గర గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావుగారు జానపద చిత్రాల్లో ఒకే ఒక్క గుర్రంతో సప్తసముద్రాలు దాటి రాకుమారిని తెచ్చారు. మనకి నూటపది గుర్రాలుండీ మిడ్జిల్ స్పీడు బ్రేకరు దగ్గర కింద తగులుతుంది!

ఇంత చిన్న ఇంజనుకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? మా మహబూబ్‌నగర్ మెకానిక్ భాయ్ చెప్పినంత బాగా నాకెవరూ చెప్పలేదు. "సార్, మీ అమ్మ కట్టెల పొయ్యి ముట్టిస్తుంటే చూసిన్రా? ఊదుగొట్టంతోటి ఊదుతది, మంట లేస్తది. గంతే." ఇంజను బయటికి వదిలేసే వేడి పొగ వృథాగా పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువ, దానికి తగ్గ పెట్రోలు, దానికి తగ్గ మంట. ఆ ఇరుసు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. దాని కింద ఉండేది పల్చటి నూనె పొర మాత్రమే. అందుకే భాయ్ నాకు రెండు ఆంక్షలు పెట్టాడు. ఆయిల్ మార్చడం ఒక్క వారం కూడా వాయిదా వెయ్యకూడదు. హైవే మీద గట్టిగా తోలి వచ్చి టక్కున తాళం తిప్పకూడదు, ఒక నిమిషం ఊరికే నడవనివ్వాలి. "ఉర్కొచ్చినోణ్ణి ఎంబడే పండవెడ్తమా సార్?"

ఆ నిమిషం నాకిప్పుడు అలవాటైపోయింది. హాలు ముందు ఆగి, ఇంజను నడుస్తుండగా పోస్టరు వంక చూస్తూ కూర్చుంటాను. జనం పల్చగా ఉన్న రోజున ఆ నిమిషం గంటలా ఉంటుందనుకోండి.

ఈ ఊదుగొట్టం కొత్తదేం కాదు. ఆల్ఫ్రెడ్ బుషీ అనే స్విట్జర్లాండు ఇంజనీరు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. 1962లో అమెరికావాళ్ళు ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని టర్బో కారు విడుదల చేశారు. ఎక్కువ రోజులు ఆడలేదు. 1977లో ఫ్రాన్సువాళ్ళ రెనో కంపెనీ ఫార్ములా వన్ పందేల్లోకి టర్బో కారు దింపితే, అది పొగలు కక్కుతూ మాటిమాటికీ ఆగిపోయేది. పసుప్పచ్చ రంగు కారు కావడంతో "పసుప్పచ్చ టీ కెటిల్" అని పేరుపెట్టి నవ్వారు. రెండేళ్ళు తిరిగాక, 1979లో, వాళ్ళ సొంతగడ్డ మీద దిజోన్‌లో రెనో టర్బో కారే పందెం గెలిచింది! మొదటివారం ఫ్లాపన్న బొమ్మ నాలుగోవారం హౌస్‌ఫుల్ కావడం నేనూ చూశాను గనక ఈ కథంటే నాకు ఇష్టం.

నా రోజువారీ తిరుగుడు చెప్తాను. జడ్చర్ల నుంచి కోదాడ వెళ్ళే నూట అరవై ఏడో నంబరు జాతీయ రహదారి ఉంది చూశారూ, అది హైదరాబాదు ముఖం చూడకుండా పాలమూరునీ నల్లగొండనీ కలుపుతుంది. మిడ్జిల్, కల్వకుర్తి, చారకొండ, కొండమల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ. కొత్త చిత్రం వచ్చిన శుక్రవారం మిర్యాలగూడ దాకా పోయి రావాలంటే మూడువందల కిలోమీటర్లు దాటుతుంది. మిగతా రోజుల్లో కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, దేవరకొండ... వందా, నూటయాభై. ఎర్రనేల, రాళ్ళగుట్టలు, అక్కడక్కడ సీతాఫలం చెట్లు, ప్రత్తి చేలు. మిర్యాలగూడ దగ్గరపడుతుంటే నీళ్ళ కాలవలు, వడ్ల లారీలు. కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ రాళ్ళు కనిపించవు. కారు ఎంత గొప్పదైనా ఆ రాయికి లెక్కలేదు.

మెల్లగా తోలితే లీటరుకి పదహారు, పదిహేడు ఇస్తుంది. కాలికి బుద్ధి లేకపోతే పన్నెండు. ఎండాకాలం ఏసీ పెట్టుకుని నల్లగొండ వీధుల్లో తిరిగితే ఆ పన్నెండు కూడా అనుమానమే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ఈ కారు కూడా నాలాగే ఆయాసపడుతుంది. వేడిగాలి పల్చన కదా, ఊదుగొట్టం ఎంత ఊదినా మంట అంతే. అదే సెకండు షో వదిలాక, రాత్రి ఒంటిగంటకి, చలిగాలిలో బయల్దేరితే... ఆ బండి గొంతే మారిపోతుంది! మూడో గేరులో తొక్కితే వీపు సీటుకు అతుక్కుంటుంది. పాత సినిమాల్లో హీరో స్టూడియోలో కదలని కారులో కూర్చుని, వెనక తెరమీద రోడ్డు పరిగెడుతుంటే, తిన్నటి రోడ్డుకి కూడా స్టీరింగు అటూ ఇటూ తిప్పుతూ పాట పాడేవాడు గుర్తుందా? నేను అచ్చం అలాగే పాడుకుంటూ వచ్చిన రాత్రులున్నాయి. ఎవరికీ చెప్పకండి.

ఇక అసలు సంగతి.

2023 నవంబరు. శుక్రవారం. ఒక పెద్ద హీరో చిత్రం విడుదల. మిర్యాలగూడలో మాట్నీకి నేనుండాలి. మా ఆవిడ వాళ్ళ చెల్లెలి ఊరు అదే, తనూ వస్తానంది. కల్వకుర్తిలో టీ తాగడంతో ఇరవై నిమిషాలు ఆలస్యం. చారకొండ దాటాం. ముందు ఒక ట్రాలీ ఆటో, దాన్నిండా ప్రత్తి బస్తాలు, గంటకి నలభై అయిదు, యాభై. నేను ఐదో గేరులో దాని వెనక పడ్డాను. మూడుసార్లు బయటికి తొంగిచూశాను, మూడుసార్లు ఏదో ఒకటి ఎదురొచ్చింది. నాలుగోసారి రోడ్డు ఖాళీగా ఉంది, కొంచెం దూరంలో మలుపు. చాలుననుకున్నాను. నూటపది గుర్రాలు కదా!

బయటికి వచ్చి తొక్కాను. ఏమీ జరగలేదు.

టర్బోకి ఒక గుణముంది. ఇంజను కనీసం పదిహేడు పద్దెనిమిది వందల తిరుగుళ్ళ మీద ఉంటేనే పొగకి బలముంటుంది, చక్రం పుంజుకుంటుంది. నేనున్నది ఐదో గేరు, పధ్నాలుగు వందలు. అక్కడ అది వట్టి లీటరు ఇంజను, మూడు సిలిండర్లు, ఇద్దరు మనుషుల బరువు. ఊదుగొట్టం ఊపిరి తీసుకునేలోపల ఒక క్షణం... రెండు క్షణాలు. మూడో గేరుకి దించి బయటికి రావాలని బండి తోలడం వచ్చిన ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. తొందరలో చెయ్యలేదు. కారు తప్పు ఇసుమంత లేదు.

ఆ రెండు క్షణాల్లో మలుపులోంచి ఇంకో ఆటో వచ్చింది. ప్యాసింజర్ ఆటో. లోపల, పక్కన, వెనక తలుపు మీద కూడా ఆడవాళ్ళు. ప్రత్తి ఏరే కూలీలు. ఈ ప్రాంతంవాళ్ళకి కూలీల బండి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 2018 ఏప్రిల్‌లో ఈ దరిదాపుల్లోనే, పెద్ద అడిశర్లపల్లి మండలంలో, కూలీల ట్రాక్టరు కాలవలో పడి ఆడవాళ్ళు చనిపోయారు.

మా ఆవిడ అరిచింది. అప్పుడొచ్చింది టర్బో! ఉన్నపళంగా కారు ముందుకి దూకింది. బ్రేకు వెయ్యాలో ఇంకా తొక్కాలో కాలికి తెలియని స్థితిలో ట్రాలీ ఆటో ముందుకి కోసుకుని వచ్చేశాను. అద్దంలో చూస్తే... ఎదురొచ్చిన ఆటో మట్టిలోకి దిగి, రెండు చక్రాల మీద లేచింది. లేచి, అలాగే ఆగి, మళ్ళీ కింద పడింది. బోల్తా కొట్టలేదు.

సినిమాల్లో టాటా సుమోలు గాల్లోకి లేచి గిరగిరా తిరుగుతుంటే జనం ఈలలేస్తారు. ఆ ఈలలు లెక్కపెట్టి సంతకం చేసి పంపేవాణ్ణి నేను. నిజం బండి లేచినప్పుడు చప్పుడు ఉండదండీ. ఆటోలోంచి ఒక సద్దిగిన్నె మాత్రం జారి, రోడ్డు మీద దొర్లింది. అదే వినిపించింది.

కారు ఆపి వెనక్కి పరిగెత్తాను. ఒకామెకి మోచెయ్యి చీరుకుపోయింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు ఇరవై ఏళ్ళవాడు, బీడీ నోట్లో పెట్టుకున్నాడు గాని అగ్గిపుల్ల నిలబడటం లేదు, చెయ్యి అంతలా వణుకుతోంది. వాడు కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఒక ముసలమ్మ కిందికి దిగి, కొంగు దులుపుకుని, నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"గంత అర్జంటేంది బిడ్డా? దవాఖానకా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటికి రాలేదు. "కాదమ్మా, సినిమా హాలుకి" అన్నాను.

ఆమెకి నా మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "సినిమాకా?" అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. వెనక ఉన్న పడుచుపిల్ల ఒకతి ఫక్కున నవ్వి, వెంటనే ఏడ్చింది.

మా ఆవిడ వాళ్ళకి నీళ్ళ సీసాలిచ్చింది. మోచెయ్యి చీరుకుపోయినామెకి కొంగుతో తుడిచింది. నేను జేబులో ఉన్న డబ్బు తీసి డ్రైవరు చేతిలో పెడితే వాడు తీసుకోలేదు. ముసలమ్మ తీసుకుని, లెక్కపెట్టి, దెబ్బ తగిలినామెకి ఇచ్చింది. అందులో సగం ఆటోవాడి జేబులో కుక్కింది. నాకేసి చూడలేదు.

కొండమల్లేపల్లి సెంటర్లో మా ఆవిడ "ఆపుండ్రి" అంది. దిగింది. మిర్యాలగూడ వెళ్ళే ఆర్టీసీ బస్సు నిలబడి ఉంది. ఒక్కమాట లేకుండా వెళ్ళి ఎక్కి కూర్చుంది.

నేనేం చెయ్యాలి చెప్పండి? ఆ బస్సు వెనకే బయల్దేరాను. అది ఆగినచోట ఆగాను, కదిలితే కదిలాను. అంగడిపేట, హాలియా... ప్రతి స్టేజీలోనూ. వెనక వాళ్ళందరూ నన్ను దాటుకుని పోయారు. మోపెడ్ మీద గడ్డిమోపు పెట్టుకున్న ఒకాయన కూడా దాటాడు, దాటుతూ నా ఎర్ర కారు వంక జాలిగా చూశాడు. వెనక కిటికీలోంచి మా ఆవిడ ఒకటి రెండుసార్లు తిరిగి చూసిందేమో అనుకున్నాను. అద్దం మీద దుమ్ము, తెలియలేదు. మాట్నీ ఇంటర్వెల్ అయ్యాక హాలుకి చేరాను. ఏమీ కొంపలు మునగలేదు. మేనేజరు అప్పటికే ఫోనులో లెక్కలు పంపించేశాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు తను ఆ కారెక్కలేదు. పెళ్ళిళ్ళకీ, ఆస్పత్రికీ, మన్నెంకొండ జాతరకీ కూడా బస్సే. పోట్లాడలేదు, అది ఇంకా కష్టం. అమ్మేద్దామనుకున్నాను. ఒకతను వచ్చి బేరం కూడా చేశాడు. అప్పుడు మెకానిక్ భాయ్ ఒకటన్నాడు: "సార్, మీరు రేపు డబ్బా బండి కొన్నా గట్లనే దాటుతరు. గిదయితే జర్రంత భయమన్న ఉంటది." అమ్మలేదు. అతని మాట సరైనదేనా అని ఇప్పటికీ నాకు పూర్తి నమ్మకం లేదు.

మార్చిన అలవాట్లు కొన్ని ఉన్నాయి. దాటాలంటే ముందు మూడో గేరు, ముల్లు రెండువేల మీద ఉందో లేదో చూస్తాను, ఆ తర్వాతే బయటికి వస్తాను. మలుపు కనిపిస్తుంటే అసలు రాను. అరగంట ముందు బయల్దేరతాను. కాని నిజం చెప్పాలంటే, ఖాళీ రోడ్డు మీద, రాత్రిపూట, ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఇప్పటికీ తొక్కుతాను. అది పోలేదు. ఒకప్పుడు రీళ్ళ డబ్బా వెనక కట్టుకున్న కుర్రాడు ఇంకా లోపలే ఉన్నాడు, వాడికి గేటు పడుతుందన్న భయం ఇంకా ఉంది.

ఐదో నెలలో తనే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఎందుకని అడగలేదు, చెప్పలేదు. ఒక్క షరతు పెట్టింది, ముల్లు తనకి కనిపించాలట. నా చెయ్యి అడ్డొస్తే పక్కకి తోస్తుంది.

మొన్న, ప్రత్తి ఏరుతున్న రోజులే, ఇద్దరం దేవరకొండ నుంచి వస్తున్నాం. పొద్దుగూకింది. చారకొండకి ఇవతల మళ్ళీ కూలీల ఆటో. వెనక తలుపు మీద నలుగురు కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. రోడ్డు ఖాళీ, మూడో గేరులో ఉన్నాను, ముల్లు కూడా సరిగ్గానే ఉంది. దాటొచ్చు. మా ఆవిడ ముల్లు చూడటం లేదు, వాళ్ళని చూస్తోంది.

"లైటు కండ్లల్ల కొడుతున్నది వాళ్ళకు" అంది.

లైటు తగ్గించాను. వాళ్ళు మొహాలకి అడ్డం పెట్టుకున్న చేతులు దించారు. చారకొండ వచ్చేదాకా అలాగే వెనక వచ్చాం.